షేవియన్‌కీ షేవింగ్‌కీ చుట్టరికం లేదు

విజయవాడ నుంచి ఒక అనువాదకురాలు అడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, ఒక ఇంగ్లీషు వ్యాసాల పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. మూడు మాటల దగ్గర బండి ఆగిపోయింది. షేవియన్, జాకొబీయన్, బార్మిసైడల్. మొదటిది షేవింగ్‌కి సంబంధించిందేమో అనుకున్నా. మూడోది ఎన్నికల హామీల గురించిన వాక్యంలో వచ్చింది, పురుగుమందు పేరులా ఉంది. ఇవన్నీ మనుషుల పేర్ల నుంచి పుట్టిన విశేషణాలట. ఏ మాట వెనక ఏ మనిషి ఉన్నాడో కనిపెట్టడం ఎలా? తెలుగులో రాసేదెలా?"

షేవింగ్ అనుకున్నందుకు సిగ్గుపడకండి అమ్మా. ఆ గుంటలో నేనూ పడ్డాను, అదీ అచ్చులో. కాలేజీలో పాఠాలు చెబుతూ సాయంత్రాలు ప్రూఫులు దిద్దుకునే రోజుల్లో, ఒక పత్రికకు వచ్చిన వ్యాసంలో "షేవియన్ హాస్యం" అని ఉంది. కంపోజింగ్ కుర్రాడు అదేదో తప్పు అనుకుని "షేవెన్" చేశాడు. సబ్ ఎడిటర్ దాన్ని శ్రద్ధగా తెలుగు చేసి "నున్నటి హాస్యం" అన్నాడు. ఆఖరి ప్రూఫు చూసిన నేను, ఇదేదో కొత్త ప్రయోగం, బాగానే ఉందనుకుని వదిలేశాను. ఆ వ్యాసం నాటకకర్త జార్జ్ బెర్నార్డ్ షా గురించి. పక్కనే ఆయన ఫొటో, గుండెల మీదకు దిగిన గడ్డంతో సహా. మర్నాడు పొద్దున్నే బ్రాడీపేటలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన పేపరు చూపించి, "ఏమయ్యా, ఈయనకు ఎవరు చేశారు షేవింగ్?" అన్నాడు. ఆ రోజు నుంచి ఇలాంటి మాటలు ఎక్కడ కనిపించినా ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను.

మీ అసలు ప్రశ్నకు నా జవాబు ఒక్క ముక్కలో చెబుతాను. ఈ విశేషణాల్లో చాలావాటిని మనిషి ఇంగ్లీషు పేరు నుంచి కాకుండా ఆ పేరుకు ఉన్న, లేదా ఉందనుకున్న, లాటిన్ రూపం నుంచి తయారుచేశారు. అందుకే ఇంగ్లీషు పేరు తెలిసినా పోలిక దొరకదు. మనకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. గుంటూరుకు గర్తపురి అని పేరు పెట్టుకున్న జాతి మనది. గుంటను గర్త చేసి సంస్కృతం తొడిగాం. అలాగే యూరప్ పండితులు కూడా పుస్తకాలు లాటిన్‌లో రాసుకున్నంత కాలం తమ పేర్లకు లాటిన్ చొక్కాలు తొడుక్కున్నారు. ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ లాటిన్‌లో కార్టీసియస్. మన ఇంటర్ పిల్లలు రోజూ గీసే ఎక్స్, వై అక్షాల కార్టీసియన్ పద్ధతి ఆయనదే. ఆయన పేరు ముందున్న "డే" ఊడిపోయింది కాబట్టి, ఎంపీసీ చదివిన పిల్లాణ్ని డేకార్ట్ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తాడు. చైనా గురువు కొంగ్ ఫూజీని జెసూట్ మతబోధకులు కన్ఫ్యూషియస్ చేశారు, అందులోంచి కన్ఫ్యూషియన్ వచ్చింది. డచ్ న్యాయవేత్త డె గ్రోట్ గ్రోషియస్ అయ్యాడు, అంతర్జాతీయ న్యాయం చదివేవాళ్లకు గ్రోషియన్ అన్న మాట తగులుతుంది.

ఇప్పుడు షా సంగతి. ఆయన పేరు చివర ఇంగ్లీషులో డబ్ల్యూ ఉంది. లాటిన్‌లో ఆ అక్షరం లేదు, కాబట్టి దాని స్థానంలో వి వచ్చి షేవియస్ అయింది. దానికి ఇయన్ తగిలిస్తే షేవియన్. దీనికి షా ఒక కథ చెప్పేవాడు. ఆయన మిత్రుడు, కవి, విలియం మోరిస్‌కు ఒక పాత రాతప్రతి అంచున లాటిన్‌లో గీకిన చిన్న వ్యాఖ్య కనిపించిందట. ఎవరో పాతకాలపు షా గురించి: "షేవియస్ ఇలా అంటాడు, కానీ పొసగలేదు." తిట్టుతో పాటు తనకు కావలసిన విశేషణం కూడా దొరికిందని షా సంబరపడ్డాడు. మామూలు పద్ధతిలో "షా-ఇయన్" అని పలికి చూడండి, నోరు తెరుచుకునే ఉండిపోతుంది. ఆ పేరు మీద ఒక లిపి కూడా ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగుల మీద ఆయనకు పట్టరాని కోపం. కొత్త లిపి తయారుచేయించమని వీలునామాలో డబ్బు కేటాయించి 1950లో పోయాడు. అలా పుట్టిన షేవియన్ లిపిలో ఆయన నాటకం ఒకటి 1962లో అచ్చయింది. ఆ తర్వాత ఆ లిపి జనంలోకి వెళ్లలేదు.

ఈ వి మీద ఒక కన్నేసి ఉంచండి. అరుదైన విశేషణాల్లో ఇదే పెద్ద దొంగ. మార్లో అనే నాటకకర్త నుంచి మార్లోవియన్, అమెరికన్ రచయిత థోరో నుంచి థోరోవియన్. పేరులో లేని వి విశేషణంలో కనిపిస్తే, దాన్ని తీసేసి డబ్ల్యూనో, యూనో పెట్టి చూడండి. సగం సార్లు మనిషి దొరికిపోతాడు. మనుషుల పేర్లకే కాదు, ఊళ్లకూ బళ్లకూ ఇదే లెక్క. ఇంగ్లండులోని హ్యారో స్కూల్లో చదివినవాణ్ని హరోవియన్ అంటారు. మన జవహర్‌లాల్ నెహ్రూ 1905లో ఆ స్కూల్లో చేరాడు. అంటే ఒక వి ఉన్న విశేషణాన్ని మోసుకుని ఇండియాకు తిరిగొచ్చి, తర్వాత తన పేరు మీద ఇంకో వి ఉన్న విశేషణాన్ని ఇంగ్లీషుకు ఇచ్చాడు: నెహ్రూవియన్.

ఈ నెహ్రూవియన్ నాకు చాలా ఇష్టమైన మాట. ఎందుకంటే దీనికి లాటిన్ కూడా అక్కర్లేదు, ఎనిమిదో తరగతి తెలుగు వాచకం చాలు. రఘు వంశంవాడు రాఘవుడు, పాండురాజు కొడుకులు పాండవులు, మనువు సంతతి మానవులు, విష్ణువు భక్తులు వైష్ణవులు. ప్రతిచోటా చివరి ఉకారంలోంచి ఒక వకారం బయటికి వచ్చింది కదా? నెహ్రూ చివరి ఊకారంలోంచి కూడా అదే వచ్చింది. ఇంకో తమాషా చూడండి. రఘులో ర కాస్తా రాఘవలో రా అయింది, విష్ణులో వి వైష్ణవలో వై అయింది. పేరు విశేషణంగా మారేటప్పుడు మొదటి అచ్చు ఒళ్లు విరుచుకుంటుంది. షా పేరు షేవియన్ అయినప్పుడు ఆ "షా" కాస్తా "షే"గా మారడం విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. రెంటి వెనకా ఉన్న కారణాలు వేరు, నేను చుట్టరికం కలపడం లేదు. కానీ మన చెవికి ఈ మార్పు కొత్త కాదు.

రెండో మాట జాకొబీయన్. ఇది క్లాసులో ఎలా చెప్పాలో నాకు చాలా ఏళ్లు చేతకాలేదు. ఇంగ్లండును 1603 నుంచి 1625 దాకా ఏలిన మొదటి జేమ్స్ రాజు కాలానికి సంబంధించినది అని బోర్డు మీద రాసేవాణ్ని. జేమ్స్‌కూ జాకొబ్‌కూ ఏమిటి సంబంధం సార్ అంటే, లాటిన్‌లో జేమ్స్ అంటే జాకోబస్ అని చెప్పేవాణ్ని. పిల్లలు రాసుకునేవాళ్లు, మర్చిపోయేవాళ్లు. ఒక వేసవి మధ్యాహ్నం, కరెంటు పోయి, క్లాసంతా నోటుబుక్కులతో విసురుకుంటోంది. వెనక బెంచీ కుర్రాడొకడు, వాళ్ల నాన్న ఏదో పల్లెలో పాస్టరు, లేచి "యాకోబా సార్?" అన్నాడు. నేను అర్థంకాక చూస్తున్నాను. "ఇంగ్లీషు బైబిల్లో జేమ్స్ రాసిన ఉత్తరం అని ఉంటది సార్. మా తెలుగు బైబిల్లో అదే యాకోబు పత్రిక." అంతే. నేను ఎన్నో ఏళ్లు తిప్పలు పడ్డది ఆ కుర్రాడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

నిజానికి తెలుగు బైబిలు చేతిలో ఉంటే ఈ జాతి మాటలు సగం తేలిపోతాయి. ఇంగ్లీషు పేర్లు వాడుకలో అరిగిపోయాయి, మన బైబిల్లోని పేర్లు మూలానికి దగ్గరగా నిలిచాయి. జాన్ నుంచి వచ్చిన విశేషణం జొహానైన్. జాన్‌తో పోలిక అంతంత మాత్రం, యోహానుతో పోలిస్తే అతికినట్టు ఉంటుంది. పీటర్‌కు పీట్రైన్, మనకు పేతురు. పాల్‌కు పాలైన్, మనకు పౌలు. చివర "ఐన్" వచ్చి, విషయం మతానికి సంబంధించినదైతే ముందు అపొస్తలుల వైపు చూడండి. రాజుల్లో చార్లెస్‌దీ జేమ్స్ కథే. లాటిన్‌లో కరోలస్, అందుకని మొదటి చార్లెస్ కాలానికి కారలైన్, రెండో చార్లెస్ కాలానికి కారొలీయన్. 2022లో మూడో చార్లెస్ గద్దెనెక్కాక పేపర్లవాళ్లు ఈ కారొలీయన్‌నే దుమ్ము దులిపి మళ్లీ వాడారు.

జాకొబీయన్‌తో మాత్రం జాగ్రత్త. దీనికి ఒకే పోలికలో ఉన్న అన్నదమ్ములు చాలామంది. జాకొబైట్ అంటే 1688లో గద్దె పోగొట్టుకున్న రెండో జేమ్స్‌నూ ఆయన వారసులనూ సమర్థించినవాళ్లు. కానీ కేరళ చర్చి తగాదాల వార్తల్లో వచ్చే జాకొబైట్ వేరు, అది ఆరో శతాబ్దపు యాకోబు బరదేయుస్ అనే బిషప్పు పేరు మీద వచ్చింది. ఫ్రెంచి విప్లవంలోని జాకొబిన్లు మూడో రకం. వాళ్లు సమావేశమైన మఠం డొమినికన్ సన్యాసులది. ఆ సన్యాసుల మొదటి పారిస్ నివాసం సాన్ జాక్ వీధిలో, అంటే యాకోబు పేరున్న వీధిలో, ఉండేది కాబట్టి వాళ్లకు ఆ పేరు. ఇక ఇంజినీరింగ్ కుర్రాళ్లకు టెన్షన్ పెట్టే జకోబియన్ డిటర్మినెంటు, జర్మన్ గణితవేత్త యకోబిది. మీ పుస్తకం నాటకాల గురించో, పాత కుర్చీలూ బీరువాల గురించో అయితే మొదటి జేమ్స్ కాలం అని రాయండి. పక్కనే "1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు కాలం" అని ఒక ముక్క జోడిస్తే మన పాఠకుడికి ఎక్కడున్నాడో తెలుస్తుంది.

మీది విజయవాడ కాబట్టి ఒక పక్కదారి. బీసెంట్ రోడ్డులో బట్టలు కొనని బెజవాడ మనిషి ఉండడు. ఆ అనీ బీసెంట్ దివ్యజ్ఞాన సమాజానికి రాకముందు ఫేబియన్. 1884లో లండన్‌లో మొదలైన ఫేబియన్ సొసైటీలో ఆమె, షా ఇద్దరూ సభ్యులు. 1889లో వాళ్లు వేసిన వ్యాసాల పుస్తకానికి షా సంపాదకుడు, అందులో బీసెంట్ వ్యాసం ఉంది. ఈ ఫేబియన్ కూడా పేరులోంచి వచ్చిందే. రోమన్ సేనాని ఫేబియస్, కార్తేజ్ సేనాని హానిబల్‌తో ఎదురుపడి యుద్ధం చేయకుండా కొండల వెంట తిరుగుతూ, ఇవాళ కాదు రేపంటూ శత్రువును అలిసిపోయేలా చేశాడు. రోమన్లు మొదట ఆయన్ని తాత్సారంగాడు అని వెక్కిరించారు, తర్వాత అదే బిరుదు అయింది. విప్లవం వద్దు, నిదానంగా సోషలిజం తెద్దాం అనుకున్నవాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. అందుకే "ఫేబియన్" అన్న మాట వస్తే అది రోమన్ ఎత్తుగడా, లండన్ సోషలిజమా అన్నది చూసుకోవాలి.

ప్రత్యయాల రుచి గురించి కొంచెం చెప్పాలి. ఇయన్ తటస్థం. ఐట్‌లో తరచుగా కాస్త ఎత్తిపొడుపు ఉంటుంది, బ్రిటన్ రాజకీయాల్లో ప్రధానులు థాచర్, బ్లేర్‌ల పేర్ల మీద వచ్చిన థాచరైట్, బ్లేరైట్ లాంటివి. మన దేశానికి వచ్చేసరికి ఆ చేదు పోయింది, అంబేద్కరైట్ అని గర్వంగా చెప్పుకుంటారు. ఎస్క్ అన్నది కంటికి కనిపించే పోలిక. రూబెన్స్ అనే చిత్రకారుడు గీసిన నిండైన ఒళ్లున్న ఆడవాళ్ల నుంచి రూబెనెస్క్ వచ్చింది. మనం "బాపు బొమ్మలా ఉంది" అంటాం చూశారా, సరిగ్గా అది. బాపు ఎవరో తెలియని కుర్రాడు కూడా ఆ మాట వాడతాడు. ఇక మామూలు మాటలైపోయి పెద్దక్షరం కూడా పోగొట్టుకున్నవి ఉన్నాయి. నార్వే గణితవేత్త ఆబెల్ 26 ఏళ్లకే పోయాడు, ఆయన పేరు మీది ఎబీలియన్‌ను చాలామంది చిన్నక్షరంతోనే రాస్తారు. లెక్కలవాళ్లలో అది అగౌరవం కాదు, మనిషి పేరు భాషలో కరిగిపోయేంత గొప్పవాడని.

విశేషణానికీ మనిషికీ పొత్తు కుదరని సందర్భాలూ ఉంటాయి. ఆర్వెలియన్ అంటే ప్రజల మీద నిఘా వేసే రాజ్యపు లక్షణం. ఆర్వెల్ జీవితమంతా దేనికి వ్యతిరేకంగా రాశాడో దానికే ఆయన పేరు తగిలించారు. అదీ ఆయన అసలు పేరు కాదు, కలం పేరు. 1903లో మన బీహార్‌లోని మోతీహారిలో పుట్టినప్పుడు ఆయన ఎరిక్ బ్లేర్. "ఆర్వెల్ తరహా ప్రభుత్వం" అని రాస్తే తెలియనివాడు ఆర్వెల్ నియంత అనుకుంటాడు. అలాంటిచోట పేరు వదిలేసి "గోడలకు చెవులు మొలిపించిన ప్రభుత్వం" అని భావం రాయడమే మేలు.

తెలుగులో రాసేదెలా అన్నారు కదా. మనకూ ప్రత్యయాలు ఉన్నాయి. గాంధీ నుంచి గాంధేయ వచ్చింది, కుంతి నుంచి కౌంతేయ వచ్చినట్టే. కానీ నెహ్రూకు అది అతకదు, ఎవరూ ప్రయత్నించలేదు కూడా. షాకు అసలే కుదరదు, "షావీయ" అంటే నాకే భయమేస్తుంది. తెలుగువాళ్ల నోట రోజూ బతికి ఉన్న ప్రత్యయం ఒకటుంది, దాన్ని వ్యాకరణ పుస్తకాలు పట్టించుకోలేదు: "మార్కు". జంధ్యాల మార్కు హాస్యం అంటే వివరణ అక్కర్లేదు. మీ షేవియన్‌కు నేనైతే "షా మార్కు" అనే రాస్తాను. అంటే ఏమిటి? అందరూ ఒప్పుకున్న మాటను తలకిందులు చేసి, అదే న్యాయమని వాదించి, ఎదుటివాణ్ని నవ్వించి మరీ గిల్లడం. పుస్తకంలో మొదటిసారి వచ్చినచోట ఈ భావం వాక్యంలోనే కలిపేయండి, తర్వాత "షా మార్కు" సరిపోతుంది.

పురాణాల్లోంచి తెచ్చి పెట్టుకోవడం మాత్రం ఆచితూచి చేయండి. గ్రీకు వీరుడు హెర్క్యులిస్ పేరు మీది హెర్క్యులియన్ అనగానే భగీరథ ప్రయత్నం తన్నుకుంటూ వస్తుంది. వార్తల్లో బాగుంటుంది. కానీ ఒకసారి నేను ఒక ఇంగ్లీషు కథ తెలుగు చేస్తూ చర్చి ఫాదరు చేత "కుంభకర్ణ నిద్ర" అనిపించాను. సంపాదకుడు ఎర్ర పెన్సిల్‌తో చుట్టి, పక్కన "ఈయన రామాయణం ఎప్పుడు చదివాడు?" అని రాసి పంపాడు. వ్యాసకర్త గొంతుతో చెప్పే వాక్యమైతే మన పోలిక పరవాలేదు, పాత్ర నోట మాత్రం వద్దు.

ఇక మిగిలింది మీ పురుగుమందు. బార్మిసైడల్‌లో చంపడం ఏమీ లేదు. అరేబియన్ నైట్స్‌లో ఒక కథ. ఆకలితో నకనకలాడే బిచ్చగాడు బార్మిసైడ్ వంశపు ధనవంతుడి ఇంటికి వెళ్తాడు. ఆయన చేతులు కడుక్కోమంటాడు, నీళ్లు ఉండవు. ఈ మాంసం చూడు, ఈ మిఠాయి రుచి చూడు అంటూ ఒక్కో పళ్లెం వడ్డిస్తాడు, పళ్లేల్లో ఏమీ ఉండదు. బిచ్చగాడు తెలివైనవాడు. ఆహా ఓహో అంటూ గాలి నమిలి, లేని ద్రాక్షసారా తాగి, మత్తెక్కినట్టు నటించి ధనవంతుడి మీద ఒక్కటి వేస్తాడు. ఆయన పగలబడి నవ్వి, అప్పుడు అసలు భోజనం పెట్టిస్తాడు. అలా, ఉందన్న భ్రమే తప్ప ఏమీ లేని ఆతిథ్యానికి, హామీకి బార్మిసైడల్ విశేషణమైంది.

ఆ వంశం కట్టుకథ కాదు. బాగ్దాదు ఖలీఫాల దగ్గర మంత్రులుగా వెలిగిన బర్మకీలు వాళ్లు. 803లో హారూన్ అల్ రషీద్ వాళ్లను కూలదోశాడు. వాళ్ల పూర్వీకులు ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్‌లో నవ విహారం అనే బౌద్ధ విహారానికి పెద్దలు. బర్మక్ అన్నది ఆ పెద్దరికపు బిరుదు, సంస్కృతంలోని "ప్రముఖ" అన్న మాటే అలా మారిందని పండితులు చెబుతారు. మీరూ అనువాదకులే కాబట్టి ఇది కూడా చెబుతాను: సుశ్రుతుడి వైద్య గ్రంథాన్ని అరబ్బీలోకి అనువాదం చేయించింది ఈ ఇంటి యాహ్యాయే.

మీ వాక్యం ఎన్నికల హామీల గురించి అన్నారు కాబట్టి, అక్కడ పేరూ వద్దు, కథా వద్దు. "ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించే హామీలు" అని రాసి చూడండి. బాగా లేదనిపిస్తే ఆ పేరా మొత్తం ఇక్కడ పెట్టండి, ముందూ వెనకా చూసి చెబుతాను.